ఊళ్లో భూమి ధర పెరిగితే బడికి ఏమొస్తుంది? టీచరు జీతం, హెచ్‌ఆర్‌ఏ, రోలు గురించి సందేహం

భోగాపురం_కమిటీ

నమస్కారం అండి. విజయనగరం జిల్లా భోగాపురం మండలంలోని ఒక ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూల్ కమిటీ తరఫున అడుగుతున్నాం. ఎయిర్‌పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల భూమి ధరలూ అద్దెలూ పెరిగాయి. మేడలు లేచాయి, ఇంటి పన్ను డిమాండూ పెరిగింది. బడి మాత్రం వెనక్కి పోతోంది. పోయినేడు రోలు (బడిలో పేరున్న పిల్లల సంఖ్య) 64, ఈ ఏడు 59. మూడో టీచరు పోస్టుని మిగులు కింద చూపించి తీసేస్తారని అంటున్నారు. ఉన్న టీచర్లు విజయనగరం నుంచి వచ్చిపోతున్నారు. ఇక్కడ అద్దెకు దిగమంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) చాలదంటున్నారు, అందులో అబద్ధమేమీ లేదు.

ఊరి ఆదాయం పెరిగింది కదా, పంచాయతీ డబ్బులోంచి టీచరుకి ఎంతో కొంత కలిపి ఇవ్వొచ్చా? అద్దెలు పెరిగిన చోట హెచ్‌ఆర్‌ఏ ఎందుకు పెరగదు? అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలేమో అక్కడ ఇంటి పన్నుతోనే బడి నడుస్తుందని చెబుతున్నారు. అలాంటి ఏర్పాటు ఇక్కడ కుదురుతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ట్రెజరీ_మెట్లు

ముందు జీతం సంగతి. ప్రభుత్వ, జిల్లా పరిషత్, మండల పరిషత్ బడుల టీచర్ల జీతం రాష్ట్ర ఖజానా నుంచే వస్తుంది, బడ్జెట్‌లో 2202 పద్దు కింద. బోర్డు మీద మండల పరిషత్ పేరున్నా మండలం ఆదాయంతో ఆ జీతానికి సంబంధం లేదు. 2022 స్కేళ్లలో ఎస్జీటీకి (సెకండరీ గ్రేడ్ టీచరుకి) 32,670 నుంచి 1,01,970 వరకు, స్కూల్ అసిస్టెంట్‌కి 44,570 నుంచి 1,27,480 వరకు. ఇచ్ఛాపురంలో చేరినా, శృంగవరపుకోటలో చేరినా బేసిక్ ఒక్కటే. మీ ఊళ్లో సెంటు ధర రెండింతలైనా, ఉద్దానంలో తుపానుకి కొబ్బరి తోటలు పడిపోయినా ఆ అంకె కదలదు.

ఊరిని బట్టి మారేవాటిలో పెద్దది హెచ్‌ఆర్‌ఏ. అది అద్దెల్ని బట్టి కాదు, జనాభాని బట్టి నడుస్తుంది. 2022 నుంచి ఉన్న శ్లాబులు ఇవి: 50 వేల లోపు జనాభా ఉన్న చోట 10 శాతం, 11,000 మించకుండా. 50 వేల నుంచి 2 లక్షల వరకు 12 శాతం, 13,000 మించకుండా. 2 లక్షలు దాటితే, లేదా జిల్లా కేంద్రమైతే 16 శాతం, 17,000 మించకుండా. విజయనగరం జనాభా లెక్కలోనే 2 లక్షలు దాటింది. శ్రీకాకుళం దాటలేదు, జిల్లా కేంద్రం కాబట్టి 16లో ఉంది. బొబ్బిలి, పలాస-కాశీబుగ్గ 12లో ఉంటాయి. భోగాపురం 10.

కొత్తగా చేరిన ఎస్జీటీ బేసిక్ మీద 10 శాతం అంటే 3,267 రూపాయలు, 16 శాతం అంటే 5,227. నెలకి తేడా 1,960. స్కూల్ అసిస్టెంట్‌కి ఇదే 4,457, 7,131, తేడా 2,674. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. హెచ్‌ఆర్‌ఏ పనిచేసే చోటుని బట్టి ఇస్తారు, కాపురం ఉండే చోటుని బట్టి కాదు. విజయనగరంలో ఇల్లు తీసుకుని భోగాపురంలో పనిచేస్తే టౌను అద్దె కట్టాలి, పల్లె హెచ్‌ఆర్‌ఏ పుచ్చుకోవాలి. ఇప్పుడు మీ ఊళ్లో అద్దె కూడా టౌను అద్దెతో సమానమైపోతే, ఊళ్లో ఉండి ఆ టీచరుకి మిగిలేది ఏమీ లేదు. పైగా టౌన్లో పిల్లల చదువులున్నాయి, ఆసుపత్రులున్నాయి. అందుకే టౌన్లో ఉంటున్నారు.

ఇప్పట్లో మారుతుందా అంటే, ఈ శ్లాబులకి ఆధారం 2011 జనాభా లెక్కలు. 2021లో జరగాల్సిన లెక్కింపు జరగలేదు, వచ్చేదానికి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఆ లెక్కలు వచ్చినా భోగాపురం ఒక్కటీ 50 వేలు దాటదు. అద్దెల సూచీని బట్టి హెచ్‌ఆర్‌ఏ ఇవ్వాలని సంఘాలు పీఆర్సీ (వేతన సవరణ సంఘం) ముందు అడగాలే తప్ప జీతం బిల్లు పెట్టే డీడీఓ చేతిలో ఏమీ లేదు.

పన్ను మినహాయింపు మీద కూడా ఆశ పెట్టుకోకండి. పాత విధానంలో అయితే, కట్టిన అద్దెలోంచి బేసిక్, డీఏల మొత్తంలో 10 శాతం తీసేయగా మిగిలినది, వచ్చిన హెచ్‌ఆర్‌ఏ, జీతంలో 40 శాతం, ఈ మూడింట్లో తక్కువదానికే మినహాయింపు. బేసిక్, డీఏ కలిపి 60,000 అనుకుంటే, అద్దె 6,500 కట్టేవారికి నెలకి దక్కేది 500. కొత్త విధానంలో ఆ మినహాయింపే లేదు. అయితే 2025-26 నుంచి అందులో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి చాలామంది టీచర్లకి ఈ లెక్కతో పనే లేదు.

నాగావళి_గట్టు

పైన మేస్టారు చెప్పినదానికి బదిలీల సంగతి కలపాలి. మీ ఊరికి టీచరు రావడం, నిలబడడం అక్కడే తేలుతుంది.

బదిలీల్లో స్టేషన్ పాయింట్లకీ (ఇవి ఎక్కువున్నవాళ్లకి ఊరు ఎంచుకోవడంలో ముందు అవకాశం) హెచ్‌ఆర్‌ఏకీ ముడి ఉంది. 16 శాతం వచ్చే చోటు మొదటి కేటగిరీ, ఏడాదికి 1 పాయింటు. 12 శాతం అయితే రెండోది, 2 పాయింట్లు. 10 శాతం అయితే మూడోది, 3 పాయింట్లు. రోడ్డు సరిగా లేని, కొండ మీది ఊళ్లు నాలుగోది, 5 పాయింట్లు. టీచరు ఒక బడిలో 8 విద్యా సంవత్సరాలకి మించి ఉండకూడదు. 8 ఏళ్లు టౌన్లో చేస్తే 8 పాయింట్లు, మీ ఊళ్లో చేస్తే 24, కొండ మీద చేస్తే 40.

కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. తక్కువ హెచ్‌ఆర్‌ఏకి బదులు ఎక్కువ పాయింట్లు. కానీ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అందరూ వెతికేది మూడో కేటగిరీలో ఉంటూనే టౌను నుంచి తేలిగ్గా వెళ్లొచ్చే ఊరు. పదహారో నంబరు హైవే మీద బస్సు ఆగే ఊళ్లు, విశాఖ-పలాస రైలు మార్గంలో నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు లాంటి స్టేషన్లకి దగ్గరి బడులు ముందు నిండిపోతాయి. సీజన్ టికెట్ తీసుకుంటే నెలంతా గడిచిపోతుంది. భోగాపురం హైవే మీదే ఉంది, అది మీకు కలిసొచ్చే విషయం. మీకు టీచర్లు దొరుకుతారు, ఊళ్లో ఉండరు, అంతే తేడా. హిరమండలం లోపలి ఊళ్లకీ, గుమ్మలక్ష్మీపురం కొండ ఊళ్లకీ టీచరు రావడమే కష్టం. 5 పాయింట్లు ఇచ్చినా ఖాళీలు ఉండిపోవడానికి కారణం అక్కడ అద్దెకి ఇల్లే లేకపోవడం. ఎక్కువ అద్దె కడతానన్నా పక్కా గది దొరకదు. ఆశ్రమ పాఠశాలల్లో క్వార్టర్లున్న చోట ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది (క్వార్టర్ తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ వదులుకోవాలి, అయినా చాలామందికి అదే నయం).

రోజూ వచ్చిపోయేవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దని మనవి. ముఖ హాజరు (ఫోన్లో ముఖం చూపించి వేసే హాజరు) వచ్చాక 9 గంటలకల్లా బడిలో ఉండక తప్పదు. పొద్దుటి బస్సు ఒక్కటి రద్దయితే ఆ రోజు ప్రార్థనకి టీచరుండరు. మీ కమిటీ ఆర్టీసీ డిపో మేనేజరుకి ఒక తీర్మానం ఇచ్చి, విజయనగరం నుంచి 8.30కల్లా ఊరు చేరే సర్వీసు అడగండి. పక్క రెండు మూడు బడుల కమిటీలు కూడా సంతకం పెడితే బలం. జీతానికి వెయ్యి కలపడం కన్నా ఆ బస్సు వల్ల ఎక్కువ మేలు.

పంచాయతీ_పద్దు

పంచాయతీ డబ్బు టీచరుకి కలిపి ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకి సూటిగా జవాబు: ఇవ్వలేరు. పంచాయతీ డబ్బు ఎక్కడెక్కడినుంచి వస్తుందో, దేనికి వాడొచ్చో చూస్తే ఎందుకో తెలుస్తుంది.

రిజిస్ట్రేషన్‌లో కొనేవాళ్లు కట్టేది 7.5 శాతం. అందులో 5 స్టాంపు డ్యూటీ, 1.5 బదిలీ సుంకం, 1 రిజిస్ట్రేషన్ ఫీజు. స్థానిక సంస్థలకి చెందేది ఆ 1.5 ఒక్కటే. 30 లక్షల స్థలం చేతులు మారితే 45,000. ఇంటి పన్ను పంచాయతీదే, కానీ దాని మీద రూపాయికి 8 పైసల చొప్పున వేసే గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. చదువు పేరుతో మీ ఇంటి పన్ను రసీదులో కనిపించేది ఇంచుమించు అదొక్కటే.

15వ ఆర్థిక సంఘం (2021-26) పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం ముడిపడినవి, అంటే సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకి వాడుకోవచ్చు, కానీ జీతాలకీ సిబ్బంది ఖర్చులకీ వాడకూడదని నిబంధనలోనే ఉంది. ఎవరైనా సర్పంచి మంచి మనసుతో విద్యా వాలంటీరుకి ఆ పద్దులోంచి నెలకి 5,000 ఇచ్చారనుకోండి, ఆడిట్ అభ్యంతరం వస్తుంది, రికవరీ సర్పంచి, కార్యదర్శి మెడకి చుట్టుకుంటుంది. ఈ పని చేయించకండి.

వాడుకోగలిగినవి వేరే ఉన్నాయి. బడి కుళాయి, మరుగుదొడ్ల మరమ్మతు ముడిపడిన నిధుల్లోంచే చేయించవచ్చు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేసే గ్రామసభలో ఆ పనిని పేరుతో రాయించాలి, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో (పంచాయతీ పనుల పోర్టల్‌లో) ఎక్కిందో లేదో తర్వాత చూసుకోవాలి. అక్కడ ఎక్కని పనికి డబ్బు రాదు. "సభలో ఒప్పుకున్నారు కదా" అని ఊరుకుంటే ఆ ఏడాది పోయినట్టే.

దాతల డబ్బు సంగతి వేరు. విద్యా వాలంటీరుకి ఇచ్చేది దాతలే ఇవ్వాలి, కమిటీ తీర్మానం రాసుకోవాలి, చెల్లింపు బ్యాంకు ద్వారా జరగాలి. పలాస వైపు జీడి వ్యాపారులు, ఉద్దానం నుంచి వలసపోయి బాగుపడినవాళ్లు ఇలా సాయం చేయగలిగినవాళ్లే. లోపం ఏమిటంటే అది మొదటి ఏడాది ఉత్సాహంగా వస్తుంది, రెండో ఏడాది తగ్గుతుంది. పది నెలల మొత్తం జూన్‌లోనే జమ చేయించుకోగలిగితేనే వాలంటీరుని పెట్టండి. మధ్యలో ఆగిపోతే పిల్లలకి ఇంకా నష్టం.

ఇంకో మాట. రేపు మీ పంచాయతీ ఏ పట్టణంలోనైనా కలిస్తే ఇంటి పన్ను ఆస్తి మూలధన విలువ మీదికి మారుతుంది. 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో అదే పద్ధతి, నివాసాలకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదు. అప్పుడు భూమి ధర పెరిగిన కొద్దీ పన్ను పెరుగుతుంది. టీచరు బేసిక్ మాత్రం అక్కడే ఉంటుంది. తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే సాయం) అర్హతలో పట్టణంలో 1,000 చదరపు అడుగుల పైబడి ఇల్లున్నవారిని పక్కన పెట్టే షరతు కూడా అప్పుడు మీ ఊరికి వర్తిస్తుంది. ముందే తెలుసుకుని ఉండండి.

రాజాం_ప్రైవేటు

అందరూ సర్కారు జీతమే మాట్లాడుతున్నారు. ఊరి సంపద నేరుగా టీచరు జీతాన్ని తాకేది ప్రైవేటు బడిలో.

1994 నాటి జీఓ 1 ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో 50 శాతం జీతాలకి, 15 సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివాటికి, 15 నిర్వహణకి, 15 అభివృద్ధికి, 5 యాజమాన్యానికి పోవాలి. 2021లో జీఓ 53 పంచాయతీల్లో ప్రాథమిక బడి ఫీజు ఏడాదికి 10,000 అనీ, మున్సిపాలిటీల్లో 11,000 అనీ, కార్పొరేషన్లలో 12,000 అనీ పరిమితి పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ అంకెలు ఇప్పుడు అమల్లో లేవు, లెక్క అర్థం కావడానికి పనికొస్తాయి.

పల్లెలో 240 మంది పిల్లలు, 10,000 ఫీజు, 10 మంది టీచర్లు అనుకోండి. ఏడాదికి 24 లక్షలు. సగం 12 లక్షలు, నెలకి లక్ష, తలా 10,000. ఇది ఫీజు మొత్తం వసూలైతే. 15 శాతం బకాయి పడితే 8,500. ఈ లెక్కలో యాజమాన్యం రూపాయి కూడా దాచుకోలేదని గమనించండి. ఖరీఫ్ పోయిన ఏడాది బకాయిలు పెరుగుతాయి, ఆ కోత ముందు టీచరు జీతం మీదే పడుతుంది. వేసవి రెండు నెలలకీ జీతం ఎగ్గొట్టే బడులున్నాయి. డీఎస్సీ (సర్కారు టీచరు పోస్టుల నియామకం) నోటిఫికేషన్ పడితే ప్రైవేటు టీచర్లంతా కోచింగ్‌కి పోయేది ఇందుకే. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రం మొత్తం మీద 16,347 పోస్టులుంటే ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకి 458, ఉమ్మడి విజయనగరానికి 446. అందులో నెగ్గినవాళ్ల జీతం ఒక్క రోజులో మూడు నాలుగింతలైంది. నెగ్గనివాళ్లు మళ్లీ ఆ 10,000కే.

అంటే మీ ఊరి నుంచి బస్సెక్కి పోతున్న 5 మంది పిల్లలకి పాఠం చెప్పేది, మీ బడి ఎస్జీటీ జీతంలో మూడో వంతు కూడా అందని మనిషి. ఇది ఆ టీచర్లని తక్కువ చేయడానికి అనడం లేదు. తల్లిదండ్రులు దేనికి డబ్బు కడుతున్నారో తెలియాలని అంటున్నాను. తల్లికి వందనం 15,000లో 13,000 తల్లి ఖాతాకి వస్తుంది, మిగతా 2,000 బడి నిర్వహణకి. ఆ 13,000 చిన్న ప్రైవేటు బడి ఫీజుకి ఇంచుమించు సరిపోతుంది. బస్సు, పుస్తకాలు, యూనిఫాం పైన పడతాయి. చేతిలో భూమి డబ్బు ఆడుతున్న ఊళ్లో ఆ పై ఖర్చు బరువనిపించదు. మీ రోలు తగ్గింది అక్కడే.

భోగాపురం_కమిటీ

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. అంటే ఊరి డబ్బు జీతానికి పోదు, పిల్లల్నే బయటికి తీసుకుపోతుందన్నమాట. 59ని మళ్లీ 60 దాటించడానికి ఏం చేయాలి? అమెరికా సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

వంశధార_ఎన్నారై

అమెరికా గురించి క్లుప్తంగా. అక్కడ స్కూల్ డిస్ట్రిక్టు విడి పాలనా సంస్థ, సొంతంగా పన్ను వేస్తుంది, టీచర్ల జీతం పట్టిక తనే నిర్ణయిస్తుంది. స్థానికంగా వచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఇళ్ల మీది ఆస్తి పన్ను. కాబట్టి ఖరీదైన ఇళ్లున్న చోట జీతాలు ఎక్కువ, పక్క డిస్ట్రిక్టులో తక్కువ. పేద డిస్ట్రిక్టు తల్లిదండ్రులు కోర్టుకెళ్తే 1973లో శాన్ ఆంటోనియో కేసులో వాళ్ల సుప్రీంకోర్టు 5-4 తేడాతో జోక్యం చేసుకోనంది. టెక్సస్ 1993 నుంచి డబ్బున్న డిస్ట్రిక్టుల రాబడిలో కొంత లాక్కుని పేద డిస్ట్రిక్టులకి ఇస్తోంది. కాలిఫోర్నియాలో 1978 ఓటింగుతో ఆస్తి పన్నుని విలువలో 1 శాతానికీ, విలువ పెంపుని ఏడాదికి 2 శాతానికీ కట్టేశారు. బడుల డబ్బు పంచే పని చాలావరకు రాష్ట్రానికి పోయింది.

మీకు పనికొచ్చేది ఆ తర్వాత జరిగింది. డబ్బు పంపకం రాష్ట్రం చేతికి పోయినా శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఇళ్ల ధరలకి టీచర్లు నిలబడలేకపోయారు. డేలీ సిటీలోని హైస్కూల్ డిస్ట్రిక్టు 2018లో 3.3 కోట్ల డాలర్ల బాండ్లకి ఓటర్ల అనుమతి తీసుకుని, 2022లో సిబ్బందికి 122 ఫ్లాట్లు కట్టించి తక్కువ అద్దెకిచ్చింది. జీతం పెంచలేని చోట అద్దె తగ్గించారు.

ఇంటి పన్నుతో బడి నడపడం ఇక్కడికి తేవద్దు. విజయనగరం టౌనుకి బాగుంటుంది, మెళియాపుట్టి ఏజెన్సీ ఊళ్లలో వసూలయ్యే ఇంటి పన్నుతో ఒక్క టీచరు ఒక్క నెల జీతం కూడా రాదు. రాష్ట్రమంతటికీ ఒకే స్కేలు అనేది మనం పోగొట్టుకోకూడనిది. ఇల్లు చూపించే పని మాత్రం ఊరు చేయొచ్చు. ఖాళీగా ఉన్న మేడ భాగాలు రెండు, టీచరు హెచ్‌ఆర్‌ఏకి మించని అద్దెకి, అంటే 3,500 లోపు, 8 ఏళ్లకి రాసిచ్చేలా యజమానులతో కమిటీ మాట్లాడవచ్చు. నీళ్లు, విడి మరుగుదొడ్డి, తాళం పడే గేటు ఉండాలి. ఆడ టీచర్లు ముందు అడిగేవి అవే. ఒప్పందం రాతలో ఉంచండి, ఎయిర్‌పోర్టు ఉద్యోగులు వచ్చాక యజమాని మాట మార్చే అవకాశం ఉంది.

యూడైస్_దిద్దుబాటు

రోలు సంగతి నేను చెబుతాను, ఇది అత్యవసరం.

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. కాబట్టి మీకు కావలసింది 60 కాదు, 61. అంటే ఇంకో ఇద్దరు పిల్లలు. 2025లో బడుల, పోస్టుల సర్దుబాటుకి సంబంధించిన జీఓ 117 రద్దు చేసి బడుల్ని కొత్త రకాలుగా విడదీశారు, మీ బడి ఏ రకంలో ఉందో, దానికి పట్టికలో ఎన్ని పోస్టులో ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గర రాతలో తీసుకోండి. ఏ తేదీ నాటి రోలు లెక్కలోకి తీసుకుంటారన్నది ప్రతి సర్దుబాటు ఉత్తర్వులోనూ ఉంటుంది. ఆ తేదీ తర్వాత పది మంది చేరినా ఆ విడతకి పనికిరారు.

తరగతిలో కూర్చున్న పిల్లలందరూ రోలులో ఉన్నారనుకోవద్దు. లెక్కలోకి వచ్చేది యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్‌లో) మీ బడి కోడ్ కింద కనిపించే పిల్లలే. ప్రైవేటు నుంచి వచ్చిన పిల్లకి పాత బడి తన లాగిన్‌లోంచి విడుదల చేసి డ్రాప్‌బాక్సులో (బడి మారే పిల్లల జాబితాలో) వేయాలి, అప్పుడే మీ హెచ్‌ఎం పెన్ నంబరుతో (పిల్లకి ఇచ్చిన శాశ్వత విద్యా సంఖ్యతో) తీసుకోగలరు. ఫీజు బకాయి ఉందని పాత బడి టీసీ ఆపుతుంది, లాగిన్‌లోనూ విడుదల చేయదు. పిల్ల మీ బడిలో అన్నం తింటుంది, లెక్కలో మాత్రం అక్కడే ఉంటుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోవడం ఆపకూడదు, టీసీ ఆపిన హెచ్‌ఎం మీద చర్య తీసుకోవచ్చు. తల్లి చేత రాతపూర్వకంగా ఒక దరఖాస్తు పాత బడికి, నకలు ఎంఈఓకి ఇప్పించి, రసీదు ఉంచుకోండి. ఎంఈఓ స్థాయిలో ఈ చిక్కు సాధారణంగా విడిపోతుంది.

ఆధార్‌లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా ఉన్నా ఎంట్రీ ఆగుతుంది. ఇంటిపేరు ముందా వెనకా, 'లక్ష్మి' 'లక్ష్మీ' లాంటి చిన్న తేడాలే ఎక్కువ. జూన్ మొదటి వారంలోనే అంగన్‌వాడీ నుంచి 5 ఏళ్లు నిండిన పిల్లల జాబితా తీసుకుని, ఒక్కొక్కరి ఆధార్ చూసి, తప్పులుంటే సచివాలయంలో దిద్దించండి. కొత్తగా కట్టిన లేఅవుట్లలో కాపలా ఉండేవాళ్లు, ఎయిర్‌పోర్టు పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఊరి జాబితాలో ఉండరు. వాళ్లని వెతకండి. వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవడం ఆ పిల్లల హక్కు, చిరునామా రుజువు లేదని వెనక్కి పంపకూడదు. మీకు కావలసిన ఇద్దరు పిల్లలు ఆ కుటుంబాలుండే షెడ్లలోనే దొరుకుతారు.

గ్రాంటు కూడా రోలుని బట్టే. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకి వచ్చే ఉమ్మడి గ్రాంటు 30 మంది దాకా 10,000, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000. అందులో పదో వంతు పరిశుభ్రతకి పెట్టాలి. మీకు ఆ 25,000కి ఇప్పట్లో ఢోకా లేదు, పోస్టు మీదే దృష్టి పెట్టండి. సర్దుబాటు జాబితా వచ్చాక అభ్యంతరాలకి ఇచ్చే గడువు కొద్ది రోజులే ఉంటుంది, కమిటీ తీర్మానం, యూడైస్ ప్రింటు, టీసీ ఆగిన పిల్లల దరఖాస్తు రసీదులు ముందే ఒక ఫైల్లో పెట్టి ఉంచుకోండి.